లండన్–న్యూయార్క్: దారి ఒకటే, దూరాలు మూడెందుకు? గంటలు రెండు రకాలెందుకు?

ప్రశ్న: లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దూరం ఒక సైట్లో 5,540 కి.మీ., ఇంకో సైట్లో 5,555 కి.మీ. అని ఉంది. విమానం దిగాక ట్రాకర్‌లో చూస్తే 5,790 కి.మీ. ఎగిరినట్టు చూపించింది. టికెట్ మీద వెళ్ళడానికి 8 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలు. గంటకు 900 కి.మీ. లెక్కన ఆరు గంటల చిల్లరలో అయిపోవాలి కదా? ఏ అంకె నమ్మాలి? వేరే ఊళ్ళకు నేనే లెక్క వేసుకోవాలంటే ఎలా?

జవాబు:

మీరు చెప్పిన అంకెల్లో తప్పు ఏదీ లేదండి. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. 5,540, 5,555 అనేవి నేల మీద రెండు బిందువుల మధ్య దూరం. 5,790 ఆ రోజు ఆ విమానం పట్టిన దారి పొడవు. 8 గంటలు, 7 గంటలు అనేవి అసలు దూరం లెక్కలే కావు; వాటిలో గాలి ఉంది, రన్‌వే దగ్గర క్యూ ఉంది, విమాన సంస్థ వేసుకున్న వెసులుబాటు ఉంది.

ముందు 5,540, 5,555 సంగతి. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థం ఉన్న నున్నటి బంతి అనుకుంటే 5,540 వస్తుంది. కానీ భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378.137 కి.మీ. అయితే ధ్రువాల దగ్గర 6,356.752 కి.మీ. జీపీఎస్ వాడే ఈ ఆకారం మీద లెక్కిస్తే 5,555 వస్తుంది. తేడా 15 కి.మీ., అంటే 0.3 శాతం కన్నా తక్కువ. విమానానికి అది ఒక్క నిమిషం ప్రయాణం. ప్రయాణ సమయం అంచనా వేయడానికే అయితే ఈ తేడా గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మీరే లెక్క వేయాలంటే సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. హీత్రూ: ఉత్తర అక్షాంశం 51.4700, పశ్చిమ రేఖాంశం 0.4543. జేఎఫ్‌కే: ఉత్తర అక్షాంశం 40.6413, పశ్చిమ రేఖాంశం 73.7781.

1. రేఖాంశాల తేడా తీయండి: 73.7781 − 0.4543 = 73.3238 డిగ్రీలు.
2. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి: 0.7823 × 0.6513 = 0.5095.
3. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌ను కలిపి గుణించండి: 0.6229 × 0.7588 × 0.2870 = 0.1356.
4. ఆ రెండూ కూడండి: 0.6451. దీని విలోమ కొసైన్ దాదాపు 49.82 డిగ్రీలు.
5. బంతి మీద ఒక డిగ్రీ అంటే 111.195 కి.మీ. గుణిస్తే 5,540 కి.మీ.

ఇందులో తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్లలో సైన్, కొసైన్ ఫంక్షన్లు రేడియన్లు అడుగుతాయి, మనం డిగ్రీలు ఇచ్చేస్తాం. అప్పుడు వచ్చే అంకె అర్థం లేకుండా ఉంటుంది కాబట్టి సాధారణంగా దొరికిపోతుంది. రెండు, 40 డిగ్రీల 38 నిమిషాలు అని ఉన్నదాన్ని 40.38 అని రాసుకోవడం. నిమిషాలను 60తో భాగించాలి, అది 40.63 అవుతుంది. పావు డిగ్రీ తేడా అంటే 28 కి.మీ.

మూడోది అన్నిటికన్నా మోసకారిది. పశ్చిమ రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోవడం (పై లెక్కలో రెండూ పశ్చిమమే కాబట్టి గుర్తు అవసరం రాలేదు). హీత్రూకి మైనస్ పెట్టి జేఎఫ్‌కేకి మరిచిపోయారనుకోండి, మీ న్యూయార్క్ కిర్గిజ్‌స్తాన్‌కు వెళ్ళిపోతుంది. తమాషా ఏమిటంటే, లండన్ దాదాపు సున్నా రేఖాంశం మీద ఉంది కాబట్టి దూరం 5,600 కి.మీ. వస్తుంది. చూడటానికి పూర్తిగా నమ్మదగ్గ అంకె! అందుకే జవాబు వచ్చాక దూరం ఒక్కటే కాదు, ఆ రెండు బిందువులనూ మ్యాప్ మీద పెట్టి చూసుకోవాలి. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది: భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా కనిష్ఠ దూరం దాదాపు 20,000 కి.మీ. దాటదు. మీకు 23,000 వచ్చిందంటే గుండ్రానికి రెండో వైపు నుంచి కొలిచారన్నమాట.

ఈ సూత్రం దూరపు ఊళ్ళకు బాగానే పనిచేస్తుంది. కొన్ని మీటర్ల దూరాలకు దశాంశాలు సరిపోక తప్పుతుంది, అక్కడ హేవర్‌సైన్ సూత్రం వాడాలి. నొక్కుకున్న భూమి మీద కొలవడానికి 1975లో వచ్చిన విన్సెంటీ పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది. అయితే రెండు చోట్లు భూగోళానికి దాదాపు ఎదురెదురుగా ఉంటే అది లెక్క తేల్చలేక తిరుగుతూనే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ అలాంటి జతల దగ్గర ఆగిపోతే కారణం అదే.

కోడ్, కొలమానం కూడా సరిచూసుకోవాలి. ఎన్‌వైసీ అనేది నగరం కోడ్; దాని కింద జేఎఫ్‌కే, లాగార్డియా, న్యూఆర్క్ మూడూ వస్తాయి. జేఎఫ్‌కేకి, న్యూఆర్క్‌కి మధ్య 30 కి.మీ. పైనే ఉంది. ఇక 5,540 కి.మీ. అంటే 3,442 మామూలు మైళ్ళు, 2,991 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. ఒక చోట 3,442, ఇంకో చోట 2,991 కనిపిస్తే రెండూ ఒకటే.

మ్యాప్ మీద గీత ఎందుకు వంకరగా ఉంటుందని చాలామంది అడుగుతారు. వంకర మ్యాప్‌ది, దారిది కాదు. బంతి మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి లాగితే వచ్చేదే అతి దగ్గర దారి. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. న్యూయార్క్ లండన్‌కి దక్షిణంగా పదకొండు డిగ్రీల కింద ఉన్నా, ఈ దారి హీత్రూ నుంచి పడమరకు 18 డిగ్రీలు ఉత్తరంగా మొదలై, దాదాపు 53.7 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, తర్వాత దిగుతుంది. మామూలు గోడ మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని గీత వెంట పోతే 5,758 కి.మీ. అవుతుంది, అంటే 200 కి.మీ. పైగా అదనం. ధ్రువాలకు దగ్గరగా పోయే దారుల్లో ఈ తేడా వేల కిలోమీటర్లకు పెరుగుతుంది.

ఇప్పుడు ట్రాకర్ చూపించిన 5,790. విమానం హీత్రూ నుంచి లేవగానే జేఎఫ్‌కే వైపు తిరిగిపోదు. ఆ రోజు గాలిని బట్టి ఏ రన్‌వే దిక్కు వాడుతున్నారో ఆ దిక్కుకే లేచి, నిర్ణీత నిష్క్రమణ దారి పట్టి, అప్పుడు తిరుగుతుంది. దిగేటప్పుడూ అంతే. ఈ రెండు చివర్లలోనే 50 నుంచి 100 కి.మీ. కలిసిపోవచ్చు. నడుమ అట్లాంటిక్ మీద రాడార్ అందని చోట విమానాలను దూరదూరంగా నడపడానికి రోజుకు రెండుసార్లు దారులు గీస్తారు. పడమరకు వెళ్ళేవి పగలు, తూర్పుకు వచ్చేవి రాత్రి. ఐర్లండ్ వైపు షాన్విక్, కెనడా వైపు గాండర్ కేంద్రాలు వీటిని నడిపిస్తాయి. ఆ దారులు ప్రతిరోజూ మారతాయి, ఎందుకంటే జెట్ స్ట్రీమ్, అంటే అంత ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి, ప్రతిరోజూ కదులుతుంది. పడమరకు పోయేవాటిని దాన్నుంచి తప్పించి, తూర్పుకు వచ్చేవాటిని దాంట్లో పెట్టి గీస్తారు. అందుకే ఒక రోజు విమానం గ్రీన్‌లాండ్ అంచుల దాకా పోయినట్టు, మరో రోజు బాగా దక్షిణంగా పోయినట్టు కనిపిస్తుంది.

గ్రేట్ సర్కిల్‌కు 2 నుంచి 5 శాతం కలపడం మామూలు. అంతకన్నా చాలా ఎక్కువ ఉందంటే దానికి వేరే కారణం ఉంటుంది. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం మూతపడటంతో హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిది గంటల చిల్లర నుంచి 13 గంటల దాకా పెరిగింది. టిబెట్ పీఠభూమి మీదుగా దారులు తక్కువగా ఉండటానికి కారణం వేరు: క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. రెండు ఇంజన్ల విమానాలు ఒక ఇంజన్ ఆగితే నిర్ణీత నిమిషాల్లోగా చేరుకోగల విమానాశ్రయం అందుబాటులో ఉండేలా దారి పట్టాలి. ఈ పరిమితి ఒకప్పుడు 120 నిమిషాలు, తర్వాత 180. బోయింగ్ 787కి 330, ఎయిర్‌బస్ ఏ350కి 370 దాకా అనుమతి ఉంది. కాబట్టి సముద్రాల మీద ఇప్పుడిది మునుపటంత అడ్డు కాదు.

ట్రాకర్ అంకెను కూడా కళ్ళు మూసుకుని నమ్మొద్దు. నేల మీది రిసీవర్లు విమానం సంకేతాలను దాదాపు 400 కి.మీ. దాకానే అందుకుంటాయి. నడిసముద్రంలో చాలా ట్రాకర్లు అంచనాతో గీత కలిపేస్తాయి, ఆ మేరకు దూరం తగ్గి కనిపించవచ్చు.

దూరం తేలింది కాబట్టి ఇక గంటలు. మీరు వేసిన 900 కి.మీ. వేగం సరైనదే, కాకపోతే అది గాలితో పోల్చినప్పటి వేగం. 11 కి.మీ. ఎత్తులో ఉష్ణోగ్రత ప్రామాణికంగా మైనస్ 56.5 డిగ్రీలు, ఆ చలిలో శబ్దవేగం గంటకు 1,062 కి.మీ. 787, ఏ350 లాంటి విమానాలు అందులో 0.85 వంతు పోతాయి, అంటే దాదాపు 903. చిన్న విమానాలైన ఏ320, 737లది 0.78, దాదాపు 829. విమానం ఈదుతున్న ఆ గాలే నది లాగా కదులుతుంటే నేల మీద వేగం మారిపోతుంది. ఉత్తరార్ధగోళంలో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో బలంగా. 2020 ఫిబ్రవరి 9న సియారా తుఫాను సమయంలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 జేఎఫ్‌కే నుంచి హీత్రూకి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద వేగం గంటకు 1,300 కి.మీ. దాటినా అది శబ్దవేగాన్ని దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే మామూలు వేగమే.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు తొందరగా చేరాలి కదా అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. గాలి కూడా భూమితోపాటే తిరుగుతోంది, విమానం ఆ గాలిలో ఉంది. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

గంటకు 100 కి.మీ. సగటు గాలి అనుకుని, 5,700 కి.మీ. దారికి లెక్క వేద్దాం. పడమరకు నేల వేగం 800, అంటే 7 గంటల 8 నిమిషాలు. ఎక్కడంలో, దిగడంలో వేగం తక్కువ కాబట్టి రెండిటికీ కలిపి ఓ 15 నిమిషాలు చేర్చండి: 7 గంటల 23 నిమిషాలు. గేటు నుంచి రన్‌వేకి 20 నిమిషాలు, దిగాక గేటుకి 10 నిమిషాలు: 7 గంటల 53 నిమిషాలు. మీ టికెట్‌లోని 8 గంటలు ఇదే. తూర్పుకు నేల వేగం 1,000. 5 గంటల 42 నిమిషాలు, పైన చెప్పిన 15, 30 నిమిషాలు కలిపితే 6 గంటల 27. దీనికి హీత్రూ ప్రత్యేకత ఒకటి చేర్చాలి. పొద్దున్నే అమెరికా నుంచి వచ్చే విమానాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. బోవింగ్డన్, లాంబోర్న్, ఆకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల గాలిలోనే గిరికీలు కొట్టిస్తారు. ఒక్కో చుట్టు నాలుగు నిమిషాల చొప్పున రెండు మూడు చుట్లు. మిగిలినది వెసులుబాటు. అలా 7 గంటలయింది.

వెళ్ళేటప్పుడు పోగొట్టుకున్న సమయం వచ్చేటప్పుడు కలిసొస్తుందిలే అనుకుంటారు గానీ, పూర్తిగా కలిసిరాదు. గాలి లేకపోతే 5,540 కి.మీ. రానూపోనూ 12 గంటల 19 నిమిషాలు. 100 కి.మీ. గాలి ఉంటే 12 గంటల 28. 150 ఉంటే 12 గంటల 40. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కన్నా ఎక్కువే.

ఈ గాలి లెక్క తెలిస్తే అర్థమయ్యే విచిత్రం సింగపూర్–న్యూయార్క్. గ్రేట్ సర్కిల్ దూరం దాదాపు 15,340 కి.మీ., అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. కానీ ఈ విమానాలు తరచుగా వెళ్ళేటప్పుడు పసిఫిక్ మీదుగా, తిరిగి వచ్చేటప్పుడు అట్లాంటిక్, యూరప్ మీదుగా, అంటే రెండు సార్లూ తూర్పుకే పోతాయి. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 16,600 అయిందనుకోండి, సగటున 75 కి.మీ. వెనకగాలి దొరికితే చాలు, 15,340 కి.మీ. గాలి లేకుండా పోయినంత సమయమే పడుతుంది. గాలి అంతకన్నా బలంగా ఉంటే పొడవాటి దారే దగ్గర దారి. ఇంధనం లెక్కకు విమాన సంస్థలు చూసేది నేల దూరం కాదు, గాలిలో దూరమే. లండన్ నుంచి న్యూయార్క్‌కు 100 కి.మీ. ఎదురుగాలిలో పోయే 5,540 కి.మీ. గాలిలేని రోజు 6,230 కి.మీ. పోయినట్టు.

ఆలస్యంగా బయల్దేరిన విమానం "దారిలో కవర్ చేస్తుంది" అంటారు. వేగం శబ్దవేగంలో 0.85 వంతు నుంచి 0.86కు పెంచితే ఆరు గంటల్లో మిగిలేది నాలుగైదు నిమిషాలే, ఇంధనం మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది. గంట ఆలస్యంగా లేచి సమయానికే దిగిందంటే ఎక్కువ భాగం షెడ్యూల్‌లోని వెసులుబాటు పుణ్యం, మిగతాది గాలి పుణ్యం. పరిశ్రమలో ఆలస్యాన్ని 15 నిమిషాల గీతతో కొలుస్తారు కాబట్టి టికెట్ మీది సమయాన్ని కాస్త వదులుగానే పెట్టుకుంటారు.

టికెట్ సమయంతో లెక్క వేసేటప్పుడు గుర్తుంచుకోవలసింది, బయల్దేరే గంట ఆ ఊరి గడియారం, దిగే గంట ఈ ఊరి గడియారం. రెండిటినీ యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) మార్చాకే తీసివేయండి. చలికాలంలో లండన్‌లో ఉదయం 11:00 అంటే యూటీసీ 11:00. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2:00 అంటే యూటీసీ 19:00. తేడా 8 గంటలు. న్యూయార్క్‌లో రాత్రి 7:00 అంటే యూటీసీలో మర్నాటి 00:00. లండన్‌లో ఉదయం 7:00కి దిగితే 7 గంటలు.

ఈ రెండు ఊళ్ళ మధ్య తేడా ఐదు గంటలని బట్టీ పట్టినవాళ్ళు ఏడాదికి రెండుసార్లు బోల్తా పడతారు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. మళ్ళీ అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అదే సంగతి. ఆ వారాల్లో అదే 8 గంటల విమానం న్యూయార్క్‌లో 2:00కి కాదు, 3:00కి దిగినట్టు కనిపిస్తుంది. భారత్ యూటీసీ కన్నా ఐదున్నర, నేపాల్ ఐదూ ముప్పావు గంటలు ముందుంటాయి కాబట్టి అరగంటలు, పావుగంటలు వదిలేయకండి. తేదీ రేఖ దాటే ప్రయాణాల్లో తేదీ కూడా రాసుకోండి: చలికాలంలో టోక్యోలో సాయంత్రం 5:00కి బయల్దేరి పది గంటలు ఎగిరితే లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు ఉదయం 10:00. నడుమ ఎక్కడైనా విమానం మారేది ఉంటే, మధ్య ఊరి గడియారాల జోలికి పోకుండా మొదటి బయల్దేరు సమయం, చివరి చేరు సమయం రెండే యూటీసీలో పెట్టి తీసివేయండి. ఆగిన గంటలు వాటంతట అవే కలిసిపోతాయి.

వేరే ఊళ్ళకు తొందర అంచనా కావాలంటే: గ్రేట్ సర్కిల్ దూరానికి 3 శాతం కలపండి, పెద్ద విమానమైతే 900తో, చిన్నదైతే 830తో భాగించండి, 45 నిమిషాలు కలపండి. మధ్య అక్షాంశాల్లో పడమరకు వెళ్తుంటే వేగంలోంచి 80–100 తగ్గించండి, తూర్పుకైతే అంతే పెంచండి. ఉత్తర–దక్షిణాలుగా, లేదా భూమధ్యరేఖ చుట్టుపక్కల పోయే దారులకు గాలి సవరణ దాదాపు అక్కర్లేదు. వచ్చిన జవాబు టికెట్‌తో పావుగంట, అరగంట తేడాలో ఉంటే మీ లెక్క బాగున్నట్టే. గంటన్నర తేడా ఉంటే ఎక్కడో మూసిన గగనతలం ఉందేమో, మీకు తెలియకుండా మధ్యలో ఒక స్టాప్ ఉందేమో చూడండి. ఒకే నంబరుతో వెళ్తూ మధ్యలో ఇంధనం కోసం ఆగే విమానాలు ఉంటాయి.

ఏ అంకె నమ్మాలన్నారు కాబట్టి: ఆలస్యానికి పరిహారం అడిగేటప్పుడు గ్రేట్ సర్కిల్ దూరమే లెక్క. పరిహారం మొత్తాన్ని తేల్చే యూరప్ 261/2004 నిబంధనలోని 1,500, 3,500 కి.మీ. గీతలను అలాగే కొలవాలని ఆ చట్టంలోనే ఉంది. విమానం నిజంగా ఎంత చుట్టు తిరిగిందన్నది పరిగణించరు. అక్కడ చేరిన సమయం అంటే చక్రాలు రన్‌వేని తాకిన క్షణం కూడా కాదు, కనీసం ఒక తలుపు తెరిచిన సమయమని యూరప్ న్యాయస్థానం 2014లో తేల్చింది. మూడు గంటల గీతకు అటూఇటూ ఉన్న ఆలస్యంలో ఆ పది నిమిషాలే పరిహారాన్ని తేల్చేస్తాయి, కాబట్టి తలుపు తెరిచిన సమయం రాసి పెట్టుకోండి. అదే ఎవరినైనా తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్తుంటే ఈ లెక్కలేవీ వద్దు. ట్రాకర్‌లో ఆ రోజు అంచనా సమయం చూడండి. అది చాలాసార్లు దిగే సమయమే చూపిస్తుంది, గేటుకు చేరే సమయం కాదు. దానికి గేటుకు రావడానికి 10 నిమిషాలు, ఇమిగ్రేషన్‌కి, సామానుకి ముప్పావుగంట నుంచి గంటన్నర కలిపి బయల్దేరండి.